పచ్చ అంటే ఏ రంగు

ముప్పై ఏడో పేజీలో ఆరు పేర్లున్నాయి. ఐదు విద్యార్థులవి, ఒకటి మా సాంఘిక శాస్త్రం సారుది. నాలుగుసార్లు లెక్కపెట్టాను, ఆరే. మా బడి పాత విద్యార్థులందరినీ ఒకచోట చేర్చి, అందరి చేతుల్లో పెట్టిన ప్రత్యేక సంచిక అది. ఆ పేజీ పై సగంలో ఒక నలుపు తెలుపు ఫోటో. బల్ల మీద ఆనకట్ట, దాని నుంచి వంపులు తిరుగుతూ పోయే కాలువ, కాలువకు అటు రెండు, ఇటు రెండు వరసల చెట్లు. పారేసిన స్పాంజి ముక్కలతో అచ్చమైన ఆకురంగు చెట్లు చేసే పద్ధతిని సారే కనిపెట్టారని, దాన్ని పైన చెప్పిన ఐదుగురు పిల్లలు అమలు చేసి జిల్లా ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చారని కింద రాశారు. ఫోటోలో ఆ చెట్లు మసకగా ఉన్నాయి, లెక్కకు అందవు. నాకు లెక్కపెట్టే అవసరం లేదు. అవి నూట తొంభై రెండు. వాటిని ఒక్కొక్కటిగా చీల్చి, ముంచి, పిండి, ఆరబెట్టింది నేను. నా పేరు ఆ ఆరింటిలో లేదు.

మాది గొంగళ్లు నేసే ఇల్లు. బాపు మగ్గం గుంటలో కూర్చుంటే అమ్మ, అవ్వ ఉన్ని వడికేవాళ్లు. గొర్రె ఉన్ని వాసన, మగ్గం కొయ్య వాసన, వాటన్నిటి మీద చింతగింజల గంజి వాసన. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రోట్లో దంచి, పెద్ద కాగులో ఉడికించేది అవ్వ. సాగదీసి కట్టిన దారాలకు ఆ గంజి పడితేనే దారం బిగిసి నేతకు వస్తుంది. తీసిన గంజి వేళ్ల మధ్య తీగలా సాగాలి, తెగితే మళ్లీ పొయ్యి మీదికే. అవ్వకు అక్షరం రాదు గానీ లెక్క వచ్చు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తడుముతూ ఒక చేతిమీద పన్నెండు, రెండో చెయ్యి కలుపుకొని పన్నెండు పన్నెండ్లు లెక్కపెట్టేది. ఎన్ని సోలల గింజలకు ఎన్ని బిందెల నీళ్లు, ఎన్ని గొర్రెల ఉన్నికి ఎన్ని మూరల గొంగడి, అన్నీ ఆ కణుపుల మీదే. నాకు లెక్కలు నేర్పింది బడి కాదు, ఆ చెయ్యి. ఇంట్లో నేను దేన్ని చూసినా లెక్కపెట్టేదాన్ని. గోడ మీద పిడకలు, మందలో నల్లవి ఎన్ని, మచ్చలవి ఎన్ని. బాపు నవ్వి, ‘గీ పోరి కండ్లల్ల తక్కెడ ఉన్నది’ అనేవాడు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా వాడకట్టులో బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. బాపుకు నా చదువు మీద కోపం లేదు, నమ్మకం లేదు. చదివితే ఏమొస్తుందో ఆయనకు కంటికి కనబడాలి. జిల్లా ప్రదర్శనకు మా బడి నుంచి ఒక మోడల్ పోతుందని, చేసిన పిల్లలకు పేరు రాసి ముద్ర వేసిన కాగితం ఇస్తారని, ఆ పిల్లల్లో నన్నూ తీసుకున్నారని నేను చెప్పిన రోజు బాపు మగ్గం ఆపాడు. ఒక మాట ఖాయం చేశాడు.

“నీ పేరు పడ్డ కాయితం తే బిడ్డా, పదో తరగతి సదువు. తేకుంటె ఇంట్ల కూసోని ఉన్ని వడుకు. నేను మాట తప్ప, నువ్వూ తప్పద్దు.”

నాకు అది న్యాయంగానే తోచింది. కాగితం తెస్తానని తేలిగ్గా ఒప్పుకున్నాను.

సాంఘిక శాస్త్రం సారు కోస్తా నుంచి వచ్చినాయన. బాగా చెప్పేవాడని ఇప్పటికీ ఒప్పుకుంటాను. బోర్డు మీద సుద్దముక్క ఎత్తకుండా భారతదేశం పటం గీసేవాడు. ఆయన అనుకున్న మోడల్ ఆనకట్ట, కాలువ, కాలువ కింద పండే భూమి. మా ఊరికి ఆ కాలువ రాదు, మాది ఎత్తు మీది చెలక, వాన నీళ్లే దిక్కు. రాని కాలువకు బొమ్మ చేస్తున్నామన్న సంగతి అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఒకరికి మట్టి, ఒకరికి అట్టలు, ఒకరికి అద్దం ముక్కలు అప్పగించి, చెట్లు నాకు అప్పగించాడు. దూది ఉండలైతే వానాకాలం గాలికి తడిసి కూర్చుంటాయని, స్పాంజి అయితే నిలబడుతుందని నేనే చెప్పాను. స్పాంజి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు కనుక చెప్పాను. సారు సరే అని, “పచ్చరంగు వేసి తీసుకురా” అన్నాడు. ఆ ఒక్క మాటే. పచ్చరంగు.

కట్టంగూర్‌లో పెద్దరోడ్డు మీద లారీలకు సీట్లు కుట్టే ఖాసిం చాచా దుకాణం ఉండేది. ఆయన భార్య రహీమా ఖాలా కూడా పక్కనే కూర్చుని కుట్లు వేసేది. మా గొంగళ్లు లారీ డ్రైవర్లు కొనేవాళ్లు కనుక మా రెండిళ్లకు రాకపోకలు. సీటు కోసిన తర్వాత రాలిన స్పాంజి అంచులు గోనెసంచిలో నింపి ఖాలా నాకిచ్చింది. తీసుకున్నాక తెలిసింది అసలు చిక్కు. ఉన్ని రంగు తాగుతుంది. స్పాంజి నీళ్లు మాత్రం తాగి రంగును ఉమ్మేస్తుంది. రంగునీళ్లలో ముంచి తీస్తే తడిగా ఉన్నంతసేపే రంగు, ఆరాక దులిపితే పొడి పొడిగా చేతికొస్తుంది. మూడు రోజులు అలాగే చెడగొట్టాను. నాలుగో రోజు అవ్వ కాగులో అడుగున మిగిలిన గంజి చూశాను. దారాన్ని పట్టుకున్న గంజి రంగును పట్టుకోదా? సోలెడు గంజికి గిద్దెడు రంగు, అంటే నాలుగు పాళ్లకు ఒక పాలు. గంజి ఎక్కువైతే స్పాంజి రాయిలా గట్టిపడుతుంది, తక్కువైతే రాలుతుంది. కత్తెరతో కోస్తే ముక్కకు చదునైన ముఖాలు వచ్చి చెట్టులా ఉండదు, వేళ్లతో గిల్లి చీల్చాలి. ఎండలో ఆరిస్తే పెళుసెక్కుతుంది, నీడలో నులకమంచం మీద పరిచి గాలికి వదలాలి. ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. ఒక్కొక్కటీ ఒక్కో ముక్క చెడగొట్టి తెలుసుకున్నాను.

బల్ల మీద కాలువ పొడవు నాలుగు అడుగులు, అంటే నలభై ఎనిమిది అంగుళాలు. అంగుళానికో చెట్టు, నాలుగు వరసలు. నూట తొంభై రెండు. విరిగేవాటికని ఎనిమిదికి ఒకటి అదనం, ఇరవై నాలుగు. మొత్తం రెండువందల పదహారు. రంగుకు మా ఊరి కోమటి దుకాణానికి పోయి పచ్చరంగు కావాలన్నాను. ఆయన మరో మాట అడగకుండా గడపలకు పూసే పొడి పొట్లం కట్టి ఇచ్చాడు. అడగాల్సింది ఏముంది? మా ఇంట్లో పచ్చజొన్నలంటే ఏ రంగువో, గడపకు పచ్చ పూయమంటే ఏది పూస్తారో, పచ్చకామెర్లు వస్తే కళ్లు ఏ రంగు తిరుగుతాయో, అదే పచ్చ. ఆకుదైతే ఆకుపచ్చ అంటారు, చిలుకదైతే చిలకపచ్చ అంటారు. ఒట్టి పచ్చ అంటే పసుపు రంగే. పదకొండు రోజులు అమ్మ, అవ్వ, నేను కూర్చుని రెండువందల పదహారు ముక్కలను బంగారంలా పచ్చగా చేశాం. చెట్లు పసుపు రంగులో ఎందుకని అడుగుతారేమో. మా చెలకల్లో పూసిన తంగేడు చూసిన కంటికి అందులో వింత ఏమీ లేదు. సారు తంగేడు వరసలు పెట్టిస్తున్నాడనే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం గంప తీసుకుపోయి బల్ల పక్కన పెట్టి పైన గుడ్డ తీశాను. సారు వంగి చూశాడు. ఒక ముక్క రెండు వేళ్లతో పైకెత్తాడు.

“ఇదేంటమ్మా, చెట్లకి కామెర్లొచ్చాయా?”

తరగతి నవ్వింది. నాకు తప్పెక్కడో అర్థం కాలేదు. “పచ్చనే సార్ గిది,” అన్నాను.

“పచ్చనే అంట, చూడండర్రా. పచ్చకీ పసుపుకీ తేడా తెలీదు. మీ ఊళ్లో ఆవులు పసుపు గడ్డి మేస్తాయా?”

నవ్వినవాళ్లలో సగానికి పైగా మా ఊళ్ల పిల్లలే. వాళ్ల ఇళ్లలోనూ పచ్చ అంటే అదే రంగు. అయినా నవ్వారు. సారు నవ్వమన్నప్పుడు మన మాట మనకే వింతగా వినిపిస్తుంది. ఆయన ఆ గంపను కాలితో పక్కకు జరిపి, కాగితం తీసి పేర్ల వరసలో ఒకటి కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాశాడు. ఆదివారం పొద్దున జీపు బయలుదేరుతుందని, చెట్లకు కొట్టులో ఆకుపచ్చ కాగితం కొని అతికించమని ఆ కొత్త పిల్లవాడికి చెప్పాడు.

ఆయన పొరపాటున ఆ మాట అన్నాడు, నేను పొరపాటున ఆ రంగు వేశాను. ఇద్దరి పొరపాటు సమానం. ఆయన ఊరిలో పచ్చ అంటే గడ్డి, మా ఊరిలో పచ్చ అంటే జొన్న. ఒక మాటకు రెండు అర్థాలున్నప్పుడు తప్పు ఇద్దరికీ సగం సగం పంచాలి. నాకు మొత్తం రాసి ఆయన సున్నా తీసుకున్నాడు. మా ఊరికి వచ్చి, మా పిల్లలకు చెబుతూ, మా మాట తప్పు అన్నాడు. ‘ఏ పచ్చ కావాలి?’ అని నేను అడగలేదు, నిజమే. ‘ఏ పచ్చ అనుకున్నావు?’ అని ఆయనా అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్లకు, బడి పంతులుకు, అడగాల్సిన బాధ్యత ఎవరిది ఎక్కువ? ఈ లెక్క నేను అప్పటి నుంచి ఎన్నిసార్లు వేసినా ఒకే జవాబు వస్తోంది.

గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి పోలేదు, కట్టంగూర్ పోయాను. బాపు ముందు ఆ గంప దించే ధైర్యం లేదు. ఖాలా కుట్టుమిషన్ ఆపి, నేను ఏడుస్తూ చెప్పిందంతా విన్నది. తర్వాత ఒక ముక్క తీసుకుని గోటితో గీకి చూసింది. రంగు రాలలేదు. మెచ్చుకోలుగా తలాడించింది.

“ఏడ్వకు బిడ్డా. తప్పు రంగు గాదు గిది, సగం రంగు. హల్దీ మీద నీల్ పడితె హరా, ఆకు రంగు అయితది. మా అమ్మీ ఓణీలు గట్లనే ముంచేది.”

బట్టలకు వేసే నీలిమందు తెచ్చింది. ఆమెకు రంగు తెలుసు, ఎంత అన్నది ఆమె చేతి అందాజు. ఓణీకి అందాజు చాలు. రెండువందల చెట్లకు చాలదు, అన్నీ ఒక తీరుగా రావాలి. గంప అక్కడే ఉంచి పోయి, శనివారం పొద్దున మళ్లీ వచ్చి దుకాణం ముందు కూర్చుని అదనపు ముక్కల్లో ఏడింటి మీద పరీక్ష చేశాను. తవ్వెడు నీళ్లకు ఒక చెంచా నీలం వేస్తే దోర నిమ్మకాయ. మూడుకు లేత చింతాకు. ఐదుకు వేపాకు. ఏడుకు చెట్టు చచ్చినట్టు నల్లబడింది. ముంచిన ముక్కను పది అంకెలు లెక్కపెట్టే లోపల తీయాలి. ఇరవై దాకా ఉంచితే కింది గంజి కరిగి పచ్చ ఊడి నీళ్లలో కలుస్తుంది. ఇవన్నీ బొగ్గుతో దుకాణం గోడ మీద రాశాను. ఖాసిం చాచా వచ్చి గోడ చూసి, ఇది దుకాణమా బడా అని తిట్టబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. మూడు, నాలుగు, ఐదు చెంచాల తొట్లు మూడు పెట్టి, ఒక్కోదానిలో అరవై నాలుగు ముంచాం. నేను అంకెలు లెక్కపెడితే ఖాలా పిండింది. అలా మూడు రకాల ఆకు రంగులు వచ్చాయి. దుకాణంలో దొరికే ఆకుపచ్చ ఒకటే రంగు, చిలక రెక్కలా మెరుస్తుంది. మావి కింద పచ్చ, పైన నీలం, అక్కడక్కడ పచ్చ తొంగిచూస్తూ ఎండ పడ్డ చెట్టులా ఉన్నాయి. ఖాలా ఒక్కోటీ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. ఆమె వేళ్లు నీలం పట్టి ఉన్నాయి, చీర కొంగు కూడా.

ఆదివారం పొద్దున జీపు బడి ముందు నిలబడి ఉండగానే చేరాను. కాగితం చెట్లు అతికించే పనిలో ఉన్నారు, సగం అప్పటికే వంగిపోయాయి. సారు నా గంపలోకి చూశాడు. ఈసారి నవ్వలేదు. ఒక్క క్షణంలో కాగితాలు పీకించి నా చెట్లు గుచ్చించాడు. తుమ్మపుల్లలు మొదళ్లుగా పెట్టి నూట తొంభై రెండూ నేనే గుచ్చాను. పని అయ్యాక పక్కన నిలబడ్డాను. నా పేరు ఆ వరసలో తిరిగి రాస్తాడనుకున్నాను. బల్ల జీపు ఎక్కింది, నలుగురు ఎక్కారు. కొట్టేసిన నా పేరు స్థానంలో వచ్చిన పిల్లవాడూ ఎక్కాడు.

“సార్, నా పేరు,” అన్నాను.

“లిస్టు ఆఫీసుకి వెళ్లిపోయిందమ్మా. చేసినదానికి సంతోషం.”

ఆ తర్వాతి సంగతి జీపులో పోయిన నా తరగతి పిల్ల నిర్మల చెప్పింది. బహుమతులు నిర్ణయించేవాళ్లు చెట్ల దగ్గర ఆగి, ఇంత సహజమైన రంగు ఎలా వచ్చిందని అడిగారట. రెండు రంగులు కలపడం తన ప్రయోగమని సారు చెప్పాడట. నిర్మల నా పేరు చెప్పబోయి ఊరుకుందట. ఆమెను నేనేమీ అనలేదు. ఆమె చేతిలో ఆమె పేరు పడ్డ కాగితం ఉంది, దాన్ని నాకు చూపించకుండా వీపు వెనక పట్టుకుంది.

బాపు మాట తప్పలేదు. నేను జరిగిందంతా చెప్పాను. నమ్మాడు కూడా. అందుకే ఆయనకు ఎక్కువ కోపం వచ్చింది, నా మీద కాదు, బడి మీద. “పని చేయించుకోని పేరు రాయని కాడికి మల్ల ఎందుకు పోతవు?” అన్నాడు. ఏడాది పరీక్షలు రాసి ఆపేశాను. అమ్మ పక్కన ఉన్ని వడుకుతూ కూర్చున్నాను. గుణకారాలు, శాతాలు, ఘనపరిమాణాలు అన్నీ తర్వాత నా అంతట నేను నేర్చుకున్నవే. పాత లెక్కల పుస్తకాలు నిర్మలే తెచ్చి ఇచ్చేది.

ఇప్పుడు నల్లగొండలో పరుపులు చేసే కార్ఖానాలో పని చేస్తున్నాను. స్పాంజి దిమ్మెను ఎలా కోస్తే తక్కువ తుక్కు పడుతుందో లెక్క చెప్పడం నా పని. ఇంజినీరు చదివిన పిల్లలు కూడా కోతకు ముందు నా దగ్గరికే వస్తారు. తుక్కు కోసం బడి పిల్లలూ ఒకప్పుడు వచ్చేవాళ్లు, ఇప్పుడు తగ్గారు. ఆకుపచ్చ స్పాంజి పొడి, అచ్చు పోసిన చెట్లు ప్యాకెట్లలో వస్తున్నాయి. పిల్లల మోడల్ తల్లిదండ్రులు కొనుక్కొస్తారు, పిల్లలు పేరు రాసుకుంటారు. మొన్న ఒకావిడ కార్ఖానాకు వచ్చి, మోడల్ మొత్తం చేసి ఇస్తారా, మా బాబు పేరు రాసుకుంటాం అని మామూలుగా అడిగింది. అప్పుడు చేసినవాళ్ల పేరు దాచడానికి కనీసం ఒక అబద్ధం చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా లేదు. రహీమా ఖాలా పోయి చాలా ఏళ్లయింది. ఆమె పేరు ఏ పేజీలోనూ లేదని బాధపడేవాళ్లు ఈ లోకంలో ఆమె కొడుకు, నేను, ఇద్దరమే.

సంచిక పంచిన ఆ రోజు సారు వచ్చాడు. శాలువాలు కప్పారు, పాదాలకు దండాలు పెట్టారు. తెల్లగా, సన్నగా అయిపోయాడు. ఆయన కుర్చీ చుట్టూ జనం తగ్గాక నిర్మల నన్ను ముందుకు తోసి, తొమ్మిదిలో మాతో చదివింది సార్ అంది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. వెంటనే ముఖం వెలిగింది.

“ఆఁ, గుర్తొచ్చావు. చెట్లకి కామెర్లు తెప్పించిన పిల్లవి కదూ?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ప్రేమగానే. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆయన నన్ను మరిచిపోయి ఉంటాడని, మరుపుకు ఏం శిక్ష వేస్తామని నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. తప్పు నా పేరు మీద భద్రంగా దాచుకున్నాడు, ఒప్పు తన పేరు మీద రాసుకున్నాడు.

“సార్, తవ్వెడు నీళ్లకు నీలం ఎన్ని చెంచాలు?” అన్నాను.

“ఏంటమ్మా?”

“పచ్చ మీద నీలం. ఎంత ఏసిన్రు మీరు?”

“రెండో, మూడో వేసుంటాం. ఎప్పటి మాటమ్మా అది.” ఆయన నవ్వు కొంచెం తగ్గింది. సంచిక నా చేతిలో ఏ పేజీ దగ్గర తెరిచి ఉందో చూశాడు. గొంతు తగ్గించి, నిజంగానే సర్దిచెబుతున్నట్టు అన్నాడు, “నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ జీపులో ఆరుగురికే చోటు. ఏం చేయను?”

“జీపుల జాగ లేదు, సరే సార్. కాయితం మీద గూడ జాగ లేకుండెనా?”

వెనక నుంచి ఎవరో, పోనియ్యక్కా, పెద్దమనిషి, ఎన్నడో అయిపోయిన ముచ్చట అన్నారు. నిర్మల నా మోచెయ్యి పట్టుకుని భోజనాల వైపు లాగింది. నేను కదలలేదు. ఆయన చూపు దించి శాలువా అంచు సర్దుకుంటున్నాడు. నేను అడిగింది చిన్న ప్రశ్న, అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ కుర్చీ ముందు జవాబు కోసం నిలబడే ఉన్నాను.